చెయ్యి మరిచిన లెక్క

తెల్లవారేసరికి గోదావరి వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. కురిసేదీ లేదు, విడిచేదీ లేదు. గాలి ఒకసారి పడమట నుంచి, ఒకసారి తూర్పు నుంచి వచ్చి ఇప్పచెట్ల ఆకులను తిరగేసి పోతోంది. కల్లంలో ఆరబెట్టిన, బీడీలు చుట్టే తునికాకు కట్టల మీద నాలుగు చినుకులు పడితే చాలు, ఆకు మచ్చ పడుతుంది. అందుకని ఊరంతా తల పైకెత్తి ఉంది.

కొండమ్మ ఒక్కతే పైకి చూడడం లేదు. వాకిట్లో దించిన గోనెసంచి వైపు చూస్తూ నిలబడింది.

దేవ్లా మోటారు సైకిల్ దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి మాట్లాడుతున్నాడు. ఆయన కల్లేదారు. ఊళ్ళో వాళ్ళు కట్టి తెచ్చిన కట్టలు చూసి, కల్లంలో వరుసగా పేర్పించే మనిషి.

“పెద్దమ్మా, నిన్ను అనేటంత పెద్దోణ్ణి గాను. ఇరవై ఏండ్ల సంది నీ కట్ట ఇప్పి చూడలే నేను. కొండమ్మ కట్టంటే యాభై ఆకులే. నిన్న చెకింగుకు వచ్చినాయన ఇప్పిండు. ఒకదాంట్ల నలభై ఒకటి. ఒకదాంట్ల ముప్పై ఎనిమిది. నా మొకం ఏడ పెట్టుకోవాలె చెప్పు?”

కొండమ్మ కుడిచేతిని కొంగులో చుట్టుకుంది.

బ్రష్షు నోట్లో పెట్టుకుని బయటికి వచ్చిన ప్రభాకర్ ఉమ్మి, “ఎన్ని కట్టలు దేవ్లా?” అన్నాడు.

“సంచిల ఉన్నయన్నీ. ఇప్పి సక్కగ కట్టి మాపటికి తెండ్రి. నేనెవ్వలకు చెప్పలే. చిన్నక్క ఒక్కతి చూసింది.”

“చిన్నక్క చూసిందంటే మైకుల చెప్పినట్టే.”

దేవ్లా నవ్వబోయి, కొండమ్మ ముఖం చూసి నవ్వు మానుకున్నాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు వాగు దాటి పోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళంతా చీకటితోనే ఆకుకు పోయారు. ఆ పొద్దు అడవికి పోనిది ఈ ఇల్లొక్కటే.

“ఏందమ్మా ఇది?” అన్నాడు ప్రభాకర్.

“నీకు చెప్పిన గద.”

“ఏం చెప్పినవ్?”

“చెయ్యి మరిసిపోతాంది అని.”

ప్రభాకర్ లోపలికి పోయి, క్యాలెండరు మేకుకు తగిలించిన ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అతను ఇల్లందులో ఒక ప్రైవేటు దవాఖానాలో రక్తపరీక్షలు చేస్తాడు. పోయిన ఆదివారం తల్లిని అక్కడికే తీసుకుపోయాడు. తను రోజూ సలాం చేసే డాక్టరుకే చూపించాడు. కాగితాలు ఒక్కొక్కటి తీసి అరుగు మీద పరిచాడు. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టాడు.

“బీపీ, నార్మల్. షుగర్, నార్మల్. ఈసీజీ, నార్మల్. తలకాయ స్కాన్, అది గూడ నార్మల్. ఇంకేం కావాలె నీకు?”

“గవన్నీ నార్మలైతే నా చెయ్యి ఎందుకు మరుస్తాంది?”

“ఎండల తిరుగుతవ్. యాళ్ళకు తినవ్. నరాల బలహీనతని సార్ చెప్పిండు గద. గోలీలు ఏసుకుంటున్నవా?”

“ఏసుకుంటలే.”

“ఎందుకు?”

“బలహీనత నాకు తెల్వదా? ఇద్దరు పిల్లల్ని కన్న. పురుడు మీద నాట్లేసిన. బలహీనతంటే ఒళ్ళంత ఉంటది. ఇది ఒక్క చేతికే వస్తాంది. వచ్చి పోతాంది. గోలీ ఏసుకుంటే అవ్ నాది బలహీనతే అని ఒప్పుకున్నట్టు.”

“ఒప్పుకునుడేంది? పంచాయితా ఇది? డాక్టరు కంటె నీకెక్కువ తెలుసా?”

“డాక్టరు సదువు నాకు తెల్వదు. నా చెయ్యి తెలుసు.”

చూరు కింద లచ్చయ్య నార చీలుస్తూ కూర్చున్నాడు. పచ్చి నారను గోటితో పట్టి లాగితే సన్నగా చీరిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తోంది. ఎడమ పాదానికి కొత్త కట్టు ఉంది. ఆ కట్టులో మూడు వేళ్ళే ఉన్నాయి.

ప్రభాకర్ చెయ్యి తండ్రి వైపు తిరిగింది.

“ఈయన్ని చూడు. నాకు నొప్పి లేదు, నా ఒళ్ళు నాకు తెల్వదా అని షుగర్ గోలీలు బంద్ పెట్టిండు. ఏమైంది? రెండు కాలి ఏళ్ళు తీసిండ్రు. ఏడాదైనా పుండు మానలే. ఇప్పుడు నువ్వు మొదలుపెట్టినవ్. ఇంట్ల ఒక్కొక్కలు ఇట్ల ఒంటి మాట ఇనుకుంట పోతే నేను కట్లు కట్టుకుంట కూసోవాల్నా?”

నార చప్పుడు ఆగింది. లచ్చయ్య తల ఎత్తలేదు. కొంచెం సేపటికి మళ్ళీ మొదలైంది.

“మీ నాయన ఒళ్ళు సప్పుడు చెయ్యలే,” అంది కొండమ్మ. “నా ఒళ్ళు మొత్తుకుంటాంది. రెండు ఒక్కటేనా?”

ప్రభాకర్‌ కాగితాల మీద రాళ్ళు తీసి, మళ్ళీ సంచిలో పెట్టాడు. ఒక కాగితం తిరగేసి పెట్టాడు. తీసి సరిచేశాడు. మళ్ళీ తప్పుగానే పెట్టాడు.

అప్పటిదాకా గడపలో నిలబడి ఉన్న కళ్యాణి వాకిట్లోకి దిగింది. ప్రభాకర్ భార్య ఆమె. ఆ ఊరికీ, పక్కనున్న రెండు గుంపులకూ, అంటే చిన్న గూడేలకూ, ఆశా కార్యకర్త. పిల్లల్ని తూచడానికి పోవాలని నీలం చీర కట్టుకుంది. భుజాన సంచి కూడా ఉంది. ఆ సంచి తీసి అరుగు మీద పెట్టి, గోనెసంచి మూతి విప్పింది.

“నువ్వు పోవాలె గద,” అన్నాడు ప్రభాకర్.

“పోత.”

పోలేదు. నేల మీద కూర్చుని, ఒక్కొక్క కట్ట విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కట్ట కట్టడంలో కొండమ్మ పద్ధతి ఊరందరికీ తెలుసు. ఆకుల కుప్ప ముందు పెట్టుకుని కళ్ళు ఎటో పెట్టి మాట్లాడుతూనే ఉంటుంది. కుడిచెయ్యి కుప్పలోకి పోయి ఐదు ఆకులు తెస్తుంది. నాలుగు కాదు, ఆరు కాదు. పదిసార్లు పోయి వస్తే యాభై. తొడిమలు సరిచేసి నార చుట్టి, ఒక్క మెలిక తిప్పి దోపుతుంది. ఆమె లెక్కపెట్టడం ఎవరూ చూడలేదు. లెక్కపెట్టేది వేళ్ళే.

కళ్యాణి విప్పిన కట్టలు వరుసగా పెడుతోంది. యాభై. యాభై. యాభై. పక్కన ఇంకో వరుస మొదలైంది. నలభై మూడు. ముప్పై తొమ్మిది.

“పరధ్యానం,” అన్నాడు ప్రభాకర్.

“యాభై ఎనిమిది,” అంది కళ్యాణి.

“ఏంది?”

“గీ కట్టల యాభై ఎనిమిది ఉన్నయ్. గిది చూడు, అరవై ఒకటి. కావాలని తక్కువ కట్టెటోళ్ళు ఎక్కువెందుకు కడుతరు?”

ఆమె ఇంకో కట్ట చేతిలోకి తీసుకుంది. విప్పలేదు. నార కొసను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. దగ్గరికి పెట్టుకుని చూసింది. లెక్క తప్పిన వరుసలో కట్టలన్నీ తీసి అట్లాగే చూసింది.

“అత్తా. గీ కట్టలు ఎవ్వలు కట్టిండ్రు?”

“నేనే.”

“నార మీద పండ్ల గాట్లు ఉన్నయ్.”

కొండమ్మ దూలం వైపు చూసింది.

“పండ్లతోని కట్టినవా?”

“ఎడమ చేత్తోని ఒక కొస పట్టుకున్న. ఇంకో కొస పండ్లతోని. కుడి చెయ్యి అప్పుడు లేదు.”

“లేదంటే?”

“లేదంటే లేదు. కనపడతది. నాది గాదు. పక్కనున్నోళ్ళ చెయ్యి నా ఒడిల పెట్టినట్టుంటది. ఆకు పట్టుకున్ననో లేదో చూసుకుంటెనే తెలుస్తది.”

“ఎంతసేపు?”

“పది కట్టలు కట్టేంత సేపు. మల్ల వస్తది. వచ్చినంక ఏం గాలేదన్నట్టే ఉంటది.”

కళ్యాణి లెక్కపెట్టింది. గాట్లు ఉన్న కట్టలు ఒకచోట తొమ్మిది, ఒకచోట పదకొండు. సంచిలో ఏ కట్ట మీద ఏ కట్ట పడిందో అట్లాగే తీసింది కాబట్టి ఆమెకు తెలుస్తోంది. అవి చెల్లాచెదురుగా లేవు. తొమ్మిదీ ఒకదాని వెంట ఒకటి. నడుమ నలభై మంచి కట్టలు. మళ్ళీ పదకొండు, ఒకదాని వెంట ఒకటి.

“నిన్న రెండు మార్లు వచ్చిందా అత్తా?”

“అవ్.”

ప్రభాకర్ వచ్చి వరుసల పక్కన నిలబడ్డాడు. కాగితాల సంచి ఇంకా చేతిలోనే ఉంది.

“ఆకు కోత మొదలై పదిహేను రోజులాయె,” అన్నాడు నెమ్మదిగా. “మరి ఇన్ని రోజులు కల్లంల ఎవ్వలు ఏమనలేదేంది?”

నార చప్పుడు ఆగింది. ఈసారి మళ్ళీ మొదలుకాలేదు.

“నేను కలిపిన,” అన్నాడు లచ్చయ్య.

అందరూ అటు తిరిగారు. లచ్చయ్య రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పది మాటలూ ఇప్పుడు నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

“ఎక్కువున్నకాడ తీసి, తక్కువున్నకాడ పెట్టిన. నార మార్చి మల్ల కట్టిన. ఆమె నీళ్ళకు పోయినప్పుడు. నిన్న కట్టు మార్పిచ్చుకోను భద్రాచలం పోతిని. బస్సు దొరకలే. నేనొచ్చేసరికి సంచి కల్లానికి పోయింది.”

“నీకు తెలుసా నాయనా? మొదటి సంది తెలుసా?”

“గాట్లు చూసిన.”

“చూసి మరి ఎందుకు చెప్పలే?”

“చెప్తే కోతకు వద్దంటరు. ఆమె ఆగుతదా? పదిమందిల పేరు పోతదని...”

మాట పూర్తికాలేదు. కొండమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. కొడుకు అన్న మాటలకు రాని కోపం ఇప్పుడు వచ్చింది. గొంతు పెద్దది కాలేదు. ఇంకా చిన్నదైంది.

“అంటే నా చెయ్యి నిజంగనే తప్పిందా అయ్యా?”

లచ్చయ్య నారను వేలికి చుట్టుకున్నాడు.

“రోజూ కల్లానికి పోయెటప్పుడు గుండె దడదడ కొట్టుకునేది నాకు. దేవ్లా ఏమంటడో అని. ఏమనకపోయేది. యాభై ఉన్నయ్ పెద్దమ్మా అనేటోడు. అప్పుడు నేనేమనుకున్నా? చెయ్యి సక్కగనే కట్టింది, నాకే తిక్కలేసింది అనుకున్న. కొడుకు చెప్పిందే నిజం, డాక్టరు చెప్పిందే నిజం, నేనే మతి తప్పిన అనుకున్న. వాళ్ళిద్దరు నన్ను నమ్మకపోతే పాయె. నన్ను నేనే నమ్మకుంట చేసినవ్ గదయ్యా.”

లచ్చయ్య చేతిలో నార ముడి పడిపోయింది. దాన్ని విప్పడానికి చూశాడు. రాలేదు.

పెద్ద గాలి వచ్చింది. కళ్యాణి పరిచిన ఆకులు లేవబోతే, ఆమె రెండు చేతులూ చాచి వాటి మీద వంగింది. ప్రభాకర్ కూడా కూర్చుని పట్టుకున్నాడు. గాలి పోయింది. చినుకు పడలేదు. ఇద్దరూ ఆకుల మీద చేతులు అట్లాగే ఉంచారు.

“మామా,” అంది కళ్యాణి. “ఎన్నిమార్లు సరిజేసినవ్?”

లచ్చయ్య వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. “కోత మొదలైన మూడోనాడు ఒకపాలి. మల్ల అంగడినాడు. అంగడి అయినంక రెండు రోజులకు. పోయిన ఆదివారం సంది రోజూ. ఇప్పుడు రోజుకు రెండు.”

కళ్యాణి ఆకుల మీద నుంచి చేతులు తీసి కొండమ్మ వైపు తిరిగింది.

“ఏంది?” అన్నాడు ప్రభాకర్.

“ట్రైనింగుల డాక్టరమ్మ చెప్పింది. చెయ్యి పడి మల్ల లేసినా, మూతి వంకరపోయి మల్ల సక్కగైనా, పోయింది గద అని ఊకోవద్దని. పోతాందంటె పెద్ద పక్షవాతం వస్తదని చెప్పి పోతున్నట్టే అని. గుంపు గుంపుకు తిరిగి నేనే చెప్పిన. మా ఇంట్లనే...”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్పిన. ఆదివారం రాంగనే చెప్పిన. స్కాన్ చూసిన డాక్టరు కంటె ఆశమ్మకు ఎక్కువ తెలుసా అన్నవ్. నేను గూడ, అవ్ నాకేం తెలుసు అనుకొని ఊకున్న.”

ప్రభాకర్ లేచాడు. వాకిట్లో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు.

“సార్‌కు అన్నీ చెప్పినం గదా. చెప్పినంకనే ఆయన చూసిండు.”

“నువ్వు చెప్పినవ్,” అంది కొండమ్మ.

“అదే, చెప్పినం.”

“నేను చెప్పలే. నువ్వు చెప్పినవ్. ఆయన నా మొకం చూసి ఏమయితాందమ్మా అన్నడు. నేను నోరు తెరిసేలోపల ‘ఎండకు తిరుగుతది సార్, తినదు సార్, ఊకె భయపడతది సార్’ అన్నవ్. ఆయన గదే రాసుకున్నడు. నా చెయ్యి పట్టుకొని గట్టిగ పిసుకమన్నడు. పిసికిన. అప్పుడు చెయ్యి ఉంది మరి. నేను కూసున్నది గిట్ల, కుర్చి కొసకు. నువ్వు నిలబడి మాట్లాడినవ్. నీ దవాఖానా గద, నిన్ను నలుగురిల తక్కువ చెయ్యొద్దని నోరు మూసుకున్న.”

ప్రభాకర్ చెప్పులు వేసుకోకుండానే బయటికి పోయాడు.

ఆ ఊళ్ళో ఫోను కలిసేది చేతిపంపు గద్దె మీద ఒక్కచోటే. అతను గద్దె ఎక్కి, చెవిలో ఫోను పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఇంట్లో ముగ్గురికీ వీపు మాత్రమే కనబడుతోంది. మొదట చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. తర్వాత చెయ్యి ఆగింది. తర్వాత తల ఊపడమే. ఫోను పెట్టేశాక కూడా గద్దె దిగలేదు. మళ్ళీ ఎవరికో చేశాడు. మళ్ళీ ఇంకెవరికో.

తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమన్నడు?” అంది కళ్యాణి.

“వచ్చినప్పుడు ఎన్ని నిమిషాలు ఉంటదని అడిగిండు. రోజుకు ఎన్నిమార్లు అని అడిగిండు. అన్నీ చెప్పిన. ఆకుల సంగతి గూడ చెప్పిన.” ఆగాడు. “‘ఇదంత ఆ రోజెందుకు చెప్పలేదయ్యా’ అన్నడు.”

ఫోను అరుగు మీద బోర్లా పెట్టాడు.

“ఇల్లందుకు వద్దన్నడు. సీదా ఖమ్మం తీసుకపొమ్మన్నడు. ఇయ్యాలనే. ఇప్పుడే. నూటెనిమిదికి చేసిన, బండి కాన్పు కేసు మీద పోయిందట. ఇల్లందు నుంచి కారు చెప్పిన. గంటల వస్తది.”

“ఇంకేమన్నడు?”

“పది నిమిషాలల్ల తిరిగొస్తాంటె ఇంకా టైమున్నట్టే అన్నడు. దాటితే...”

“దాటితే?”

ప్రభాకర్ తల్లి వైపు చూశాడు. చెప్పలేదు.

కొండమ్మకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె లేచి ఆకుల దగ్గరికి వచ్చింది. కళ్యాణి వాటిని కలిపి మళ్ళీ యాభై యాభై కట్టబోతోంది.

“కలుపకు బిడ్డా. గాట్లు ఉన్నయి అట్లనే ఉండనీ. నాతోని ఖమ్మం రావాలె. ఈసారి ఎవ్వలన్న ఏమయితాందమ్మా అంటె గవి ముందర పెడత.”

కళ్యాణి పంటి గాట్ల కట్టలు ఇరవై విడిగా తీసి, తన ఆశా సంచిలో కాగితాలన్నీ తీసేసి, అందులో పెట్టింది.

“నడువుండ్రి. తిందం,” అంది కొండమ్మ.

“ఇప్పుడు తిండేందమ్మా?”

“కారు గంటకు వస్తదంటివి. ఖమ్మంల ఎవ్వలు పెడుతరు? మామిడికాయ పప్పు ఉంది. మీ నాయన గోలీ ఏసుకోవాలె, తినకుంట ఏసుకోవద్దు.” ఆమె నాలుగు కంచాలు తనే తెచ్చి పెట్టింది. “ఇంకో మాట. తినేదాక ఎవ్వలు నోరు తెరువొద్దు. పొద్దటి సంది మాటలే తింటున్నం.”

నలుగురూ కూర్చున్నారు. కళ్యాణి వడ్డించి, తన ఫోను కంచం పక్కన నేల మీద పెట్టుకుంది. పదకొండు దాటి ఐదు నిమిషాలు.

కొండమ్మ కలిపింది. ముద్ద చేసింది. తిన్నది. ముగ్గురూ తమ కంచాల్లోకి చూస్తున్నట్టే ఉండి, ఆ చేతినే చూస్తున్నారు. రెండో ముద్ద. మూడో ముద్ద. లచ్చయ్య నీళ్ళు తాగాడు.

ఐదో ముద్ద నోటి దాకా రాలేదు.

చెయ్యి కంచం మీద ఆగింది. ముద్ద వేళ్ళ సందుల్లోంచి జారి పప్పులో పడింది. కొండమ్మ కొంచెం సేపు ఆ చేతిని, పక్కనున్నవాళ్ళ చేతిని చూసినట్టు చూసింది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి ఒడిలో పెట్టుకుంది. కొంగుతో తుడిచింది.

ప్రభాకర్ సగం లేచాడు. ఆమె కళ్ళతోనే కూర్చోమంది. అతను కూర్చున్నాడు.

పుట్టి ఏ రోజూ చెయ్యని పని అప్పుడు చేసింది కొండమ్మ. కంచం ఎడమ వైపుకు జరుపుకుని, ఎడమచేత్తో ముద్ద కలుపుకుని తిన్నది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు అట్లా తింటే చేతి మీద కొట్టేది ఆమే. లచ్చయ్య తన కంచంలోని మామిడి టెంక తీసి ఆమె కంచంలో ఎడమ పక్కకు వేశాడు.

కళ్యాణి కంచంలోకి చూడడం మానేసింది. ఫోను వైపే చూస్తోంది. చెయ్యి ఆగి నాలుగు నిమిషాలు. ఏడు. తొమ్మిది.

పది.

కుడిచెయ్యి ఒడిలోనే ఉంది.

పన్నెండు.

బయట ఆకాశం ఇంకా అట్లాగే ఉంది. వాగు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. నలుగురూ తింటున్నారు. కొండమ్మ పెదవికి ఒక పక్కన మెతుకు అంటుకుని ఉంది. ఆమెకు తెలిసినట్టు లేదు. తుడుచుకోలేదు.

తినేదాకా మాట్లాడొద్దన్న తన మాట మీదే ఉండి ఆమె మాట్లాడడం లేదో, మాటే రావడం లేదో కళ్యాణికి తెలియలేదు. తెలియాలంటే ముగ్గురిలో ఎవరో ఒకరు ముందు పిలవాలి.

ఎవరికీ ధైర్యం చాలలేదు. కంచాల మీద వేళ్ళ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడడం లేదు.